తీగ చచ్చిపోయిందని ఎవరు చెప్పారు?

(బీదర్ తాలూకా మన్నళ్ళిలో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బోనసు సంగతి వినటానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని క్షమించాలి. దాని గురించి వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం. ఇవాళ మేము మాట్లాడదలచింది రాగి తీగ గురించి. "యూనియన్‌కి రాగి తీగతో ఏం పని, అది పోలీసుల పని, కరెంటోళ్ళ పని" అని కొందరు అనుకుంటున్నారు. నిన్నటి వరకు మేమూ అలాగే అనుకున్నాం. ఎందుకు మనసు మార్చుకున్నామో చెప్పటానికే ఇక్కడికి వచ్చాం.

మనవాళ్ళు చాలామంది పనిచేసే ఒక స్పిన్నింగ్ మిల్లు ఉంది. పేరు చెప్పం, తెలిసినవాళ్ళకు తెలుసు. అక్కడ రెండో షిఫ్టులో డాఫింగ్ చేస్తున్న ఒక అమ్మాయి రింగ్ ఫ్రేము మీద చెయ్యి పెట్టింది. రోజుకు వందసార్లు పెట్టే చెయ్యే. ఆసారి మిషను వదల్లేదు. పక్క సైడులో ఉన్న పెద్దాయన కేక వేసి మెయిన్ ఆపించాడు గనుక ఆ పిల్ల బతికింది. అరచెయ్యి కాలింది, రెండు వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. నూలు తెగకుండా డిపార్టుమెంటులో గాలికి తేమ పట్టిస్తారని మీకు తెలుసు. ఆ తేమకు నేల చెమ్మగా ఉంటుంది, ఒంటికి చెమట ఉంటుంది. కరెంటుకు ఇంతకంటే మంచి దారి ఎక్కడ దొరుకుతుంది?

తర్వాత కాళ్ళకింద పలక ఎత్తి చూస్తే ఆ ఫ్రేము మోటారుకు ఉండవలసిన ఎర్తు పట్టీలు లేవు. ఒకటి కాదు, రెండూ లేవు. ఎవరో రంపపు బ్లేడుతో శుభ్రంగా కోసుకుపోయారు. కోసింది ఎవరో రెండు రోజుల్లో తెలిసింది. బయటివాడు కాదు. మన బదిలీ కార్మికుడు, మన చందా రసీదు జేబులో ఉన్నవాడు. నెలలో పది పన్నెండు రోజులకు మించి పని దొరకనివాడు. తీసిన రాగి మొత్తం కిలోన్నరకు మించదు. దానికి పాత సామాన్ల దుకాణంవాడు ఇచ్చింది రెండు మూడు రోజుల కూలి.

ఆ రాత్రి యూనియన్ ఆఫీసులో పంచాయితీ జరిగింది. అతన్ని పట్టించాలని సగం మంది, మనవాడే కదా మందలించి వదిలేద్దామని సగం మంది. మాటలు పెరిగాయి. అప్పటిదాకా మూలన కూర్చున్న ఆ అమ్మాయి తండ్రి, ఆయనా మిల్లు మనిషే, లేచి అతని దగ్గరకు వెళ్ళి ఒక్క మాట అన్నాడు: "నన్ను అడుగుతే ఇంట్ల రాగి బిందె ఇస్తుంటి కదా తమ్మీ." అంతే. ఆ తర్వాత ఎవ్వరూ గొంతు ఎత్తలేదు. అతను ఏడ్చాడు. అతను అన్నది మాత్రం మేము మరిచిపోలేకుండా ఉన్నాం. "ఆ పట్టీ కోసినప్పుడు నాకు షాకు కొట్టలేదన్నా. మిషను గూడ ఆగలే. దాంట్ల కరెంటే లేదనుకున్న."

అతను అబద్ధం చెప్పలేదు. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో మాకు అనుమానమే. ఎర్తు తీగలో మామూలు రోజుల్లో చెప్పుకోదగ్గ కరెంటు ఏమీ పారదు. దాన్ని కోస్తే దీపం ఆరదు, మోటారు ఆగదు, కోసినవాడి చెయ్యి కాలదు. అది ఎదురుచూసే తీగ. మోటారు లోపల చుట్ట మీది పూత అరిగి, ఫేజు తీగ ఇనుప ఒంటికి తగిలిన రోజున ఆ కరెంటునంతా భూమిలోకి లాగేసి, ఫ్యూజు ఎగిరేట్టు చేయటమే దాని పని. అది లేని రోజున కరెంటు ఇనుప ఒంటి మీదే కాచుకుని కూర్చుంటుంది, ఎవరి చెయ్యి ముందు పడుతుందా అని. కోసినవాడు ఒకడు, చెయ్యి పెట్టేది ఇంకొకరు. మధ్యలో వారం గడవవచ్చు, ఆరు నెలలు గడవవచ్చు.

"ఫ్యూజు ఉంది కదా, మనిషికి షాకు కొడితే అదే పోతుంది" అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఫ్యూజు పెట్టింది తీగ కాలిపోకుండా కాపాడటానికి. అయిదు ఆంపియర్ల ఫ్యూజు అయిదు ఆంపియర్లు దాటితేగాని పోదు. మనిషి గుండె లయ తప్పటానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. అంతకంటే ఎంతో తక్కువ కరెంటుకే, వెయ్యింట పది పదిహేను వంతుల దగ్గరే, వేళ్ళు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. వదిలేద్దామని మనసు చెబుతుంది, చెయ్యి వినదు. ఆ పిల్లకు జరిగింది అదే.

ఇందులో యాజమాన్యం తప్పు లేదా? ఉంది. మోటారు ప్రతిదానికీ వేరువేరుగా రెండు ఎర్తు కనెక్షన్లు ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే ఉంది, తర్వాత 2010లోనూ 2023లోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు ఆ బాటనే నడిచాయి. రెండు ఎందుకంటే ఒకటి పోయినా ఇంకొకటి కాపాడాలని. మరి రెండూ పోయేదాకా చూడనివాడు ఎవడు? ఎర్తు పరీక్ష రిజిస్టరులో మాత్రం సంతకాలు వరుసగా ఉన్నాయి. పరీక్ష చేయకుండానే సంతకం పెట్టే అలవాటు ఆ ఒక్క మిల్లుకే పరిమితమని మేము అనుకోవటం లేదు. ఈ మాట మేము అక్కడా అన్నాం, ఇక్కడా అంటున్నాం. అలాగని రంపపు బ్లేడు పట్టుకున్న చెయ్యి మనది కాకుండా పోదు.

మిల్లు సంగతి అలా ఉంచి ఊరి సంగతికి వద్దాం. మన్నళ్ళి చుట్టుపక్కల ఇళ్ళల్లో చాలావాటిలో ఒకరు మిల్లుకు పోతే ఇంకొకరు పొలానికి పోతారు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ప్రాంతం ఇది. సరిహద్దు గీత తర్వాత వచ్చింది, చుట్టరికాలు ముందునుంచీ ఉన్నాయి. ఇటు కన్నడం, అటు తెలుగు, సంతలో ఉర్దూ, అన్నీ నడుస్తాయి. ఇటువైపు కరెంటు గుల్బర్గా విద్యుత్ సరఫరా కంపెనీది, మనం జెస్కాం అంటాం. అటువైపు తెలంగాణ కంపెనీది. కంపెనీలు రెండు, కానీ పొలం గట్టున ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగి ఎత్తుకుపోయే దొంగకు సరిహద్దు లేదు. నిజానికి సరిహద్దు అతనికి సౌకర్యం. ఇటు తీసి అటు అమ్మితే ఏ స్టేషనులో ఫిర్యాదు చేయాలో తెలియక రైతు తిరుగుతుంటాడు.

అసలు స్తంభాల మీది తీగల్లో రాగి ఉందా? ఈ ప్రశ్న మేము చాలామందిని అడిగాం. ఉందనే అన్నారు. మన ఊళ్ళ మీదుగా పోయే లైన్లు దాదాపు అన్నీ అల్యూమినియంవే. పదకొండు వేల వోల్టుల లైనులో నడుమ ఉక్కు పోగు, చుట్టూ అల్యూమినియం పోగులు ఉంటాయి. లైన్‌మన్లు వాటిని రాబిట్ అనీ వీజిల్ అనీ జంతువుల పేర్లతో పిలుస్తారు, తీగ మందాన్ని బట్టి పెట్టిన పేర్లవి. మన దేశంలో రాగి తక్కువ, బయటినుంచి కొనాలి. అందుకే ఊళ్ళకు కరెంటు విస్తరించిన కాలంలో లైన్లకు రాగి మానేసి అల్యూమినియం పట్టారు. రాగి ఆశతో స్తంభమెక్కి ప్రాణం పోగొట్టుకున్నవాడు చాలాచోట్ల అల్యూమినియం కోసం పోగొట్టుకున్నట్టే. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి కూడా అంతే. ఊళ్ళలో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో అల్యూమినియం చుట్టలవి ఎన్నో ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. విప్పి, నూనె పారబోసి, చుట్ట కోసి చూస్తేగాని తెలియదు. తెలిసేసరికి ఊరి కరెంటు పోయింది, దొంగ చేతిలో తెల్ల తీగ మిగిలింది. రాగి నిజంగా ఉండేది కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో, మోటార్లలో, ప్యానెళ్ళలో, ఎర్తింగులో, రైలు పట్టాల పైన ఉండే తీగలో. ఆ రైలు తీగలో ఉండేది ఇరవై అయిదు వేల వోల్టులు. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకు పోతే అదే దూకుతుంది.

బీదర్ వాళ్ళకు రాగి అంటే ముందు గుర్తుకు రావలసింది బిద్రీ పని. తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, కోట మట్టితో నల్లగా నిగారించే ఆ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిటికెడు రాగితో అంత గౌరవం సంపాదించిన జిల్లా ఇది. సరే, పక్కదారి పట్టాం.

మనకు వినిపించే పెద్ద అపోహ ఒకటుంది. "కరెంటు లేనప్పుడే కోస్తారన్నా, తీగ సచ్చిపోయి ఉంటది, ఏం గాదు." ఈ మాట అన్నవాళ్ళను మేము అడిగేది ఒక్కటే. తీగ చచ్చిపోయిందని ఎవరు చెప్పారు?

బోరు మోటారు ఆడకపోతే కరెంటు లేదని రైతు అనుకుంటాడు. మూడు ఫేజులూ ఇచ్చే వేళలు అయిపోయాక ఇళ్ళలో దీపాల కోసం ఒక ఫేజు మాత్రం ఇచ్చే పద్ధతి మన పల్లెల్లో చాలాకాలం నడిచింది. అప్పుడు మోటారు ఆడదు, కానీ పైన తీగల్లో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. అవతలి తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు అని ప్రభుత్వం ప్రకటించింది. అక్కడికి వెళ్ళి "ఈ వేళకు కరెంటు ఉండదు" అనే పాత లెక్కతో స్తంభమెక్కితే ఇక చెప్పేదేముంది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. కింది హ్యాండిల్ తిప్పితే పైన మూడు బ్లేడ్లు ఒకేసారి తెరుచుకోవాలి. తుప్పు పట్టి, గ్రీజు ఎండిపోయి, మూడింట్లో ఒక బ్లేడు అతుక్కునే ఉండిపోవటం లైన్‌మన్లకు బాగా తెలిసిన సంగతి. చీకట్లో కిందినుంచి చూస్తే అది కనిపించదు. రోజూ అదే పని చేసే లైన్‌మన్ కూడా కడ్డీతో పరీక్షించి, రెండు పక్కలా తీగను భూమికి కలిపి, ఆ తర్వాతే చెయ్యి వేస్తాడు. వేయాలి. వేయనివాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో ప్రతి మండలంలో ఒక కథ ఉంది.

ఇంకొకటి, ఇది మిల్లు మనుషులు బాగా అర్థం చేసుకోవలసింది. ఊళ్ళో కరెంటు పోయినప్పుడు ఎవరో జనరేటరు వేస్తారు. పెళ్ళివారో, మరమగ్గాల షెడ్డువారో. సరైన చేంజోవర్ స్విచ్ లేకపోతే ఆ కరెంటు ఇంటి తీగలోంచి వెనక్కి లైనులోకి పోతుంది. నాలుగు వందల వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి కింది నుంచి ఎక్కితే పైనుంచి పదకొండు వేలుగా బయటికి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటు దారి, అటు దారి అని తేడా లేదు. సబ్‌స్టేషనులో లైను ఆపేశారు, అందరూ చచ్చిన తీగ అంటారు, ఆ తీగ మీద పదకొండు వేలు నడుస్తూ ఉంటాయి. పక్కనే మరో పెద్ద లైను సమాంతరంగా పోతుంటే దాని ప్రభావం వల్ల ఏ కనెక్షనూ లేని తీగలో కూడా షాకు కొట్టేంత వోల్టేజి పుడుతుంది. మన ప్యానెళ్ళలోని కెపాసిటర్లు మెయిన్ ఆపాక కూడా కొంతసేపు కరెంటు దాచుకుంటాయి. ఇన్ని తెలిసీ ఎవరైనా "ఏం గాదు" అంటారా?

దొంగ చచ్చిపోతే పోనీ, వాడి కర్మ అనేవాళ్ళున్నారు. మేము ఆ మాట అనం. పస్తున్న ఇంటి మనిషి ఎలా ఆలోచిస్తాడో యూనియన్‌కి తెలుసు. మిల్లులు మూతబడ్డాక మనవాళ్ళ గతి ఏమైందో చూశాం. వరంగల్లులో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. అంత పెద్ద మిల్లు మీద ఆధారపడిన కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఒకప్పుడు సోలాపూర్ మిల్లులకూ, భీవండి మరమగ్గాలకూ వలస పోయిన తెలుగువాళ్ళ కథలన్నీ ఇంచుమించు ఇలాంటివే. పని లేని చేతికి ఇనుము, రాగి ముందు కనిపిస్తాయి. ఈ సంగతి కాదనేది లేదు. కానీ దొంగ ఒక్కడితో పోయే వ్యవహారం కాదిది, ఇందాకటి నుంచి మేము మొత్తుకుంటున్నది ఇదే.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగగానీ దాని ఎర్తుగానీ తెంపుకుపోతే ఏమవుతుందో చూడండి. ఇళ్ళకు రావలసింది 230 వోల్టులు. న్యూట్రల్ తీగ పోయిందంటే లోడు తక్కువున్న ఫేజు ఇళ్ళలో అది మూడు వందలు దాటి నాలుగు వందల దాకా పోతుంది, ఎక్కువున్న ఫేజులో పడిపోతుంది. ఒక వీధిలో బల్బులు పేలుతాయి, ఇంకో వీధిలో మిణుకుమంటాయి. టీవీలు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. స్తంభానికి కట్టిన బర్రె చచ్చిపోతుంది. తడి బట్టలు ఆరేసిన ఇనుప తీగ మీద చెయ్యి వేసిన ఇల్లాలు చచ్చిపోతుంది. ఈ చావు వెనకాల రాగి దొంగ ఉన్నాడని ఎవరికీ తట్టదు. "కరెంటు షాకుతో మృతి" అని పత్రికలో రెండు వాక్యాలు వస్తాయి.

ట్రాన్స్‌ఫార్మరే పోతే? నూనె నేలపాలు. పదుల లీటర్ల నూనె పొలంలోకి ఇంకుతుంది. కొత్తది వచ్చేదాకా బోర్లు ఆగుతాయి. వరి ఆగదు, చెరకు ఆగదు. తాగేనీళ్ళ మోటారు కూడా దాని మీదే ఉంటే ఆడవాళ్ళు బిందెలతో కిలోమీటరు నడవాలి. మరమగ్గాల ఊరైతే ఇంకా కష్టం. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషికి మగ్గం ఆగితే కూలి లేదు. ఒక ఫేజు మాత్రం పోతే ఇంకో తమాషా. మూడు ఫేజుల మోటారు రెండింటి మీద మూలుగుతూ తిరగటానికి ప్రయత్నించి కాలిపోతుంది. దాన్ని చుట్టించే ఖర్చు ఆసామి ఎవరి మీద రాస్తాడో మీకు చెప్పనక్కర్లేదు.

సిరిసిల్ల గురించి ఒక మాట. అక్కడ మరమగ్గాలకూ పొలాలకూ కరెంటు ఇచ్చేది 1970లో పుట్టిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, సెస్ అంటారు. మన కర్ణాటకలో హుక్కేరిలోనూ అలాంటి సంఘం ఉంది. కనెక్షను తీసుకున్నవాళ్ళే సభ్యులు. అలాంటిచోట స్తంభం మీది ప్రతి తీగా సభ్యుల సొత్తు, కాగితాల్లో కూడా. మిగతాచోట్ల కాగితం మీద కంపెనీది, నష్టం మాత్రం చివరికి చార్జీల రూపంలో మన దగ్గరికే వస్తుంది. తేడా అంతే.

రాగి తీయటానికి కాల్చే తీగల సంగతి కూడా చెప్పాలి. పైన ప్లాస్టిక్ తొడుగు కాల్చి రాగి తీస్తారు, ఎక్కువగా పిల్లల చేత. ఆ పొగలో ఊపిరితిత్తులను కొరికే ఆమ్లపు వాయువు ఉంటుంది, డయాక్సిన్ అనే విషం ఉంటుంది, పాత తొడుగుల్లో సీసం కూడా ఉంటుంది. ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో ఈ పనితో ఒళ్ళు పాడుచేసుకుంటున్న కుటుంబాల గురించి ఎంతో రాశారు. మన దగ్గర అది ఇంకా పెద్ద పరిశ్రమ కాలేదు. కాకూడదు.

చట్టం ఏమంటుంది? 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షను కింద లైను తీగలు, సామాను దొంగిలిస్తే మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. రెండోసారి దొరికితే ఆరు నెలలకు తక్కువ కాకుండా అయిదేళ్ళ దాకా జైలు, పది వేలకు తగ్గని జరిమానా. 2007 సవరణ తర్వాత ఇది వారంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కు కాని నేరం. రైల్వే రాగి అయితే 1966 నాటి వేరే చట్టం, అయిదేళ్ళ దాకా. ఈ పనిలో గాయపడితే ఇ.ఎస్.ఐ.లో పని గాయం కింద ఏమీ రాదు, చచ్చిపోతే ఇంటికి నష్టపరిహారమూ రాదు. మనం కేసు వేసి పోరాడటానికి కూడా దారి లేదు. యూనియన్ చేతులు కట్టేసే చావు ఇది.

అయితే అదే చట్టంలో తర్వాతి సెక్షను ఒకటుంది, 137. దొంగసొత్తని తెలిసీ, లేదా అనుమానించటానికి కారణం ఉండీ ఆ సామాను కొన్నవాడికి కూడా మూడేళ్ళ దాకా జైలు అని. ఈ సెక్షను కింద ఎవరైనా లోపలికి పోయారని మీలో ఎవరైనా విన్నారా? మా మిల్లు బదిలీ కార్మికుడి కేసులో కొన్నవాడి పేరు లేదు. మేము అడిగాం. "రసీదు లేదు కదా" అన్నారు. రసీదు ఇవ్వకపోవటమే కదా అసలు వ్యాపారం! మిల్లు ఎర్తు పట్టీ చూసి అది ఇంటి బిందె ముక్క అనుకునే కాంటావాడు ఉన్నాడా? అతను గుర్తుపట్టాడు, గుర్తుపట్టాడు గనుకే సగం ధర ఇచ్చాడు. లాభమంతా అక్కడే ఉంది.

రాగి ధర 2001లో ప్రపంచ మార్కెట్లో టన్ను పద్నాలుగు వందల డాలర్ల దగ్గర ఉండేది. 2006లో ఎనిమిది వేలు దాటింది. 2021లోనూ, 2024లోనూ పది వేలు దాటింది. ధరతోపాటే దొంగతనాలు అన్ని దేశాల్లోనూ పెరిగాయి. బ్రిటన్‌లో రైలు సిగ్నళ్ళ తీగలు పోయి బండ్లు ఆగిపోయాయి. వాళ్ళు ఏం చేశారు? దొంగ వెంట పరుగెత్తటంతో ఆగకుండా దుకాణం తలుపు దగ్గర నిలబడ్డారు. పాత లోహం కొనేటప్పుడు నగదు ఇవ్వరాదని ఫ్రాన్స్ 2011లో, ఇంగ్లండు, వేల్స్ 2013 చట్టంతో నిబంధన పెట్టాయి. అమ్మినవాడి పేరు, చిరునామా రాసుకోవాలి. దక్షిణాఫ్రికా అయితే 2022 నవంబరులో పాత రాగి ఎగుమతినే కొంతకాలం నిలిపేసింది. అక్కడితో దొంగతనం మాయమైందని మేము చెప్పం. కానీ నేరం ఎక్కడ డబ్బుగా మారుతుందో అక్కడ చెయ్యి వేశారు. మన దగ్గర స్తంభం కింద దొరికిన కుర్రాడి ఫొటో పత్రికలో వేసి ఊరుకుంటున్నారు. మనవాణ్ణి మేము వెనకేసుకు రావటం లేదు. అతను తన తప్పు తానే స్టేషనుకు వెళ్ళి ఒప్పుకున్నాడు, మేము వెంట వెళ్ళాం. కొన్నవాడి పేరు రాయమని అర్జీ కూడా అక్కడే ఇచ్చాం. దాని జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

ఇక మనం చేసుకోగలిగింది. ప్రతి డిపార్టుమెంటు నుంచి ఇద్దరు, నెల మొదటి వారంలో, మోటార్ల దగ్గర ఎర్తు పట్టీలు లెక్కపెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. ఒక్కో మోటారుకు రెండు ఉండాలి. చెయ్యి పెట్టవద్దు, కంటితో చూసి లెక్కపెట్టండి. ఒకటే ఉంటే ఆ మిషను నంబరు రాసి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌కి కాగితం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే మాకు చెప్పండి. మిషను ఒళ్ళు కొంచెం జివ్వుమన్నా "తేమకు మామూలే" అని సర్దుకోవద్దు. అది మామూలు కాదు. ఆ అమ్మాయి కూడా అంతకు నాలుగు రోజుల ముందునుంచీ జివ్వుమంటోందని చెప్పిందట, ఎవరూ వినలేదు.

ఊళ్ళో తీగ తెగి పడితే కనీసం పది మీటర్ల దూరంలో ఆగండి. దాని చుట్టూ నేలలో కూడా కరెంటు పారుతుంది, ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య వోల్టేజి తేడా వస్తుంది. అప్పటికే దగ్గరలో ఉన్నట్టు తెలిస్తే పెద్ద అంగలు వేసి పరుగెత్తకుండా, రెండు పాదాలూ కలిపి నేల మీదే జరుపుతూ వెనక్కి రండి. 1912కు ఫోను చేయండి, ఆ నంబరు సరిహద్దుకు రెండువైపులా కరెంటు ఫిర్యాదులదే. ట్రాన్స్‌ఫార్మర్ కింద నూనె చెమ్మ కనిపించినా, అర్ధరాత్రి దాని దగ్గర చప్పుడు వినిపించినా అదే నంబరు. మీరే వెళ్ళి పట్టుకుందామనుకోవద్దు. మూత విప్పి వదిలేసిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దొంగకెంత ప్రమాదమో మీకూ అంతే.

షాకు తగిలిన మనిషి కనిపిస్తే ముందు మెయిన్ ఆపాలి. ఆపలేకపోతే, ఇంటి కరెంటు, మిషను కరెంటు అయితేనే, పొడి కర్రతోనో పొడి చెక్క మీద నిలబడో విడదీయాలి. పైలైను అయితే కర్ర కూడా పనికిరాదు, ఎంత పొడిదైనా. సబ్‌స్టేషనులో ఆపేదాకా దగ్గరికి పోవద్దు, కన్నవాళ్ళయినా సరే. ఈ మాట చెప్పటం మాకూ కష్టంగానే ఉంది. ఒకరి కోసం ఒకరు వెళ్ళి ఒకే చోట పడిపోయిన కుటుంబాలున్నాయి గనుక చెబుతున్నాం. విడిపించాక మనిషి ఊపిరి తీయకపోతే 108కి ఒకరు ఫోను చేస్తుండగానే ఇంకొకరు ఛాతీ నడుమ రెండు అరచేతులూ పెట్టి నొక్కాలి. నిమిషానికి వందకు తగ్గకుండా, నూట ఇరవైకి మించకుండా, రెండు అంగుళాల లోతున. మట్టిలో పాతిపెడితే కరెంటు దిగిపోతుందనే మాట వట్టిది. ఆ గుంత తవ్వే సమయంలోనే మనిషి పోతాడు.

నోటితో చెబితే ఇది రాదు. వెనకాల నూలు వేస్టు నింపిన గోనెసంచి ఒకటి పెట్టాం, మన ఎలక్ట్రీషియన్ సోదరుడు దాని మీద చేసి చూపిస్తాడు. ప్రతి ఒక్కరూ కనీసం రెండు నిమిషాలు నొక్కి చూడాలి. రెండు నిమిషాలకే చేతులు ఎంత నొప్పి పుడతాయో అప్పుడు తెలుస్తుంది. రాత్రి షిఫ్టుకు పోవలసినవాళ్ళు, ఆడవాళ్ళు ముందు రండి, మీ బస్సు ముందు పోతుంది. టీ ఆ తర్వాత.